చదువుకునే బల్లకు సొంత దీపం: వెలుగుతో మొదలుపెట్టి తయారు చేసుకోవడం ఎలా

దీపం చేయాలనుకునేవారిలో చాలామంది కాగితం మీద ముందుగా గీసేది దాని రూపాన్ని. ఒక వంపు తిరిగిన కాడ, దాని చివర ఒక గంటో గోళమో గీస్తారు. వెలుగు ఎక్కడ పడాలి, కంటికి ఏది కనబడకూడదు అన్న ప్రశ్నలు స్విచ్చి వేసిన తర్వాత గాని వారికి గుర్తుకు రావు. అప్పటికి కలప కోయడం పూర్తయిపోయి ఉంటుంది. ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో ఆ వరుస తిరగబడుతుంది. ముందు వెలుగును, తర్వాత ఆ వెలుగును కప్పే తొడుగును, ఆ తొడుగును మోసే కాడను, చివరగా కాడను నిలబెట్టే పీటను నిర్ణయించుకుంటూ పోతాము. ఇలా చేస్తే చివరికి వచ్చే రూపం మీరు తొలుత ఊహించుకున్నది కాకపోవచ్చు, కానీ దానిలోని ప్రతి కొలతకూ ఒక కారణం ఉంటుంది.

మనం చేయబోయే దీపానికి ఒక బరువైన గుండ్రని పీట, దాని మీద నిటారుగా నిలిచే ఉక్కు గొట్టం, ఆ గొట్టం కొనమీద అడ్డంగా చాచుకుని ఉండే 52 సెం.మీ. దూలం ఉంటాయి. వెలుగు దూలం లోపలి నుంచి కిందికి పడుతుంది. విద్యుత్తు 12 వోల్టులది. ఇనుప రంపం, డ్రిల్లు, మూలమట్టం, టంకం పెట్టే పరికరం, గరుకు కాగితం ఉంటే ఇంటి దగ్గర చేయగల పని ఇది. పీట ఒక్కటి మాత్రం లేత్ మీద చేసేవారికి అప్పగించవలసి రావచ్చు.

1. రాత్రిపూట బల్ల దగ్గర కూర్చుని కొలతలు తీసుకోండి

పగటి వెలుగులో తీసుకున్న కొలతలు ఈ పనికి ఉపయోగపడవు. చీకటి పడిన తర్వాత, మీరు నిజంగా చదివే లేదా రాసే భంగిమలో కూర్చుని, బల్ల ఉపరితలం నుంచి మీ కంటి ఎత్తును మరొకరిచేత కొలిపించండి. బల్ల 75 సెం.మీ. ఎత్తు ఉండి, కుర్చీ మామూలుదైతే, పెద్దవారి కన్ను నిటారుగా కూర్చున్నప్పుడు బల్లకు 45 సెం.మీ. పైన, ముందుకు వంగి చదివేటప్పుడు 40 సెం.మీ. పైన ఉంటుంది. ఇందులో తక్కువ కొలతే మనకు ముఖ్యం, ఎందుకంటే దూలం కింది అంచు ఆ ఎత్తును దాటకపోతే ఏ భంగిమలోనూ దీపం లోపలి భాగం మీ కంట పడదు. ఈ వ్యాసంలో ఆ అంచును 40 సెం.మీ. దగ్గర పెడుతున్నాను. మీ కొలత వేరైతే ఇకముందు వచ్చే ఎత్తులను దానికి తగ్గట్టుగా మార్చుకోండి.

రెండవ కొలత బల్ల మీద మీరు నిజంగా వాడుకునే విస్తీర్ణం. పుస్తకం, రాతపుస్తకం, చేతికి అందవలసిన వస్తువులు కలిపి చూస్తే అది సాధారణంగా ఒక చదరపు మీటరుకు మించదు. దీపాన్ని రాసే చేతికి ఎదురు వైపున పెట్టుకోవాలి. కుడిచేతితో రాసేవారు ఎడమ మూలన పెట్టుకుంటే చేతి నీడ రాస్తున్న గీత మీద పడదు.

2. ఎంత వెలుగు కావాలో లెక్క వేయండి

ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ వెలుగు సమానంగా పడితే దానిని ఒక లక్స్ అంటారు. కార్యాలయాల్లో చదవడం, రాయడం వంటి పనులకు 500 లక్స్ ఉండాలని యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 12464-1 చెబుతుంది. గదిలో మరో దీపం కూడా వెలుగుతూ ఉంటుంది కాబట్టి బల్లదీపం ఒక్కటే 350 లక్స్ ఇస్తే ఇంటి అవసరానికి సరిపోతుందని నా అభిప్రాయం. దూలంలో వెలిగే భాగం 45 సెం.మీ. అనుకుందాము. మీటరుకు 12 వాట్ల ఎల్‌ఈడీ పట్టీలో అంత ముక్క 5.4 వాట్లు తీసుకుంటుంది. వాటుకు 100 ల్యూమెన్లు చొప్పున 540 ల్యూమెన్లు పుడతాయి. పట్టీ వెలుగును చెదరగొట్టే పాలరంగు తెర, దూలం గోడలు కలిసి అందులో మూడో వంతును మింగేస్తాయనుకుంటే, చదరపు మీటరు మీద పడేది సగటున 360 లక్స్. మధ్యలో ఇంతకంటే ఎక్కువ, అంచుల్లో తక్కువ ఉంటుంది.

3. ఎల్‌ఈడీ పట్టీని ఎంచుకోండి

తెల్లని ఎల్‌ఈడీలో తెల్లగా వెలిగేది ఏదీ లేదు. లోపల ఉన్నది నీలి వెలుగును ఇచ్చే చిన్న అర్ధవాహకం. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. సమర్థమైన నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కొనేవారికి ఈ నేపథ్యంతో నేరుగా పని ఉంది. నీలం, పసుపుల కలయికలో ఎరుపు సహజంగానే తక్కువగా ఉంటుంది, అందుకే నాసిరకం పట్టీ కింద చేతి చర్మం పాలిపోయినట్టు, కలప బూడిదరంగులో ఉన్నట్టు కనిపిస్తాయి. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో తెలిపే సీఆర్‌ఐ అంకె 90కి తగ్గని పట్టీనే తీసుకోండి. ముదురు ఎరుపుకు సంబంధించిన ఆర్9 అంకె కూడా ఇచ్చి ఉంటే అది 50 దాటిందో లేదో చూడండి. సాధారణ సీఆర్‌ఐ లెక్కలో ఆర్9 చేరదు, కాబట్టి మొదటి అంకె బాగుండి రెండవది అధ్వానంగా ఉండే అవకాశం ఉంది.

వెలుగు ఎంత పసుపుగా లేదా ఎంత తెల్లగా ఉంటుందో చెప్పే రంగు ఉష్ణోగ్రత విషయంలో ఎక్కువ ఆలోచన అక్కరలేదు. రాత్రి చదువుకు 2700 లేదా 3000 కెల్విన్, కుట్టుపని, బొమ్మలు వేయడం వంటి వాటికి 4000 కెల్విన్ తీసుకోండి.

12 వోల్టుల పట్టీని ఎక్కడ పడితే అక్కడ కత్తిరించకూడదు. ఒక్కో తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి. మూడింటిని వరుసగా కలిపితే 9 వోల్టులు అవుతాయి, మిగిలిన 3 వోల్టులను ఒక రెసిస్టరు వేడిగా ఖర్చు చేస్తుంది. అందుకే మీటరుకు 60 ఎల్‌ఈడీలున్న పట్టీ మీద ప్రతి 5 సెం.మీ.కు ఒక రాగి గుర్తు ఉంటుంది, కత్తెర అక్కడే పడాలి. మన 45 సెం.మీ. ఆ లెక్కకు సరిగ్గా తొమ్మిది భాగాలు అవుతుంది.

4. అడ్డుకోతను పూర్తి కొలతలో గీయండి

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసినది ఈ మెట్టు మీదే. ఒక పెద్ద కాగితాన్ని గోడకు అంటించి, బల్ల ఉపరితలాన్ని ఒక గీతగా, మీ కంటిని ఒక చుక్కగా, దూలాన్ని దాని అడ్డుకోతగా, అంటే అడ్డంగా కోస్తే కనిపించే ఆకారంగా, అసలు కొలతల్లోనే గీయండి. తర్వాత కంటి చుక్క నుంచి దూలం వైపు గీతలు లాగుతూ, ఏ గీత కూడా వెలిగే తెరను తాకకుండా దూలం గోడ అంచు అడ్డుపడుతోందో లేదో చూడండి.

డెన్మార్క్ రూపకర్త పౌల్ హెన్నింగ్సెన్ తన దీపాలను ఇటువంటి గీతల మీదనే కట్టాడు. 1920ల మధ్యలో కొత్తగా వచ్చిన విద్యుత్తు బల్బుల మెరుపు కంటిని కొట్టకుండా, అదే సమయంలో వెలుగు వృథా పోకుండా చేయడం ఎలా అన్నది ఆయన ముందున్న సమస్య. ఒకదాని కింద ఒకటిగా మూడు తొడుగులు పెట్టి, వాటి వంపును లాగరిథమిక్ సర్పిలం నుంచి తీసుకున్నాడు. ఆ సర్పిలం కేంద్రంలో బల్బు ఉంటే, తొడుగు మీద ప్రతి బిందువు దగ్గరా వెలుగు ఒకే కోణంలో పడుతుంది. ఆ దీపాన్ని చూసినవారు దాని రూపాన్ని పొగుడుతారు, కానీ ఆ రూపం మొత్తం బల్బును కంటికి కనబడనీయకుండా దాచే ప్రయత్నంలో పుట్టింది.

మన దూలం అంత క్లిష్టమైనది కాదు. లోపలి వెడల్పు 2.1 సెం.మీ., తెర కింద గోడలు మరో 2 సెం.మీ. దిగి ఉంటే, వెడల్పూ లోతూ దాదాపు సమానం అవుతాయి. దూలానికి అడ్డంగా కూర్చున్న మనిషికి, దాదాపు 45 డిగ్రీలకు పైగా చూపు ఎత్తితే తప్ప తెర ఏమాత్రం కనబడదు. దూలం పొడవు దిశలో మాత్రం ఈ రక్షణ ఉండదు. ఆ వైపున పిల్లలు కింద కూర్చునే గదైతే, తెర కింది లోతులో ప్రతి 4 సెం.మీ.కు ఒక పలుచని అడ్డుపలకను అతికించండి. అప్పుడు ఆ దిశలో కూడా 27 డిగ్రీల వరకు కన్ను కాపాడబడుతుంది.

తెరకూ పట్టీకీ మధ్య దూరం ఎంత ఉండాలన్నది కూడా ఈ గీతలోనే తేలుతుంది. మీటరుకు 60 ఎల్‌ఈడీలంటే చుక్కకూ చుక్కకూ మధ్య దాదాపు 17 మి.మీ. తెర అంతకంటే దగ్గరగా ఉంటే చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. అందుకని మనం 20 మి.మీ. ఉంచుతున్నాము.

5. అట్టతో నమూనా కట్టి రెండు రాత్రులు వాడండి

అట్టముక్కలను మడిచి దూలం ఆకారంలో అతికించండి, లోపల పట్టీని తాత్కాలికంగా పెట్టండి, దానిని పుస్తకాల దొంతర మీద 40 సెం.మీ. ఎత్తులో నిలపండి. రెండు రాత్రులు దాని కిందే చదవండి. నిగనిగలాడే కాగితం మీద తెర ప్రతిబింబం అక్షరాలను చెరిపేస్తున్నట్టు అనిపిస్తే, దూలాన్ని పుస్తకానికి సరిగ్గా ఎదురుగా కాక కొంచెం పక్కకు జరపవలసి ఉంటుంది. పొడవైన వెలుగు కావడం వల్ల పెన్ను నీడ అంచులు మెత్తగా ఉండాలి. కరుకైన నీడ కనిపిస్తే అది గదిలోని మరో దీపం వేస్తున్న నీడ అయి ఉంటుంది, దానిని ఆర్పి మళ్లీ చూడండి.

6. దూలాన్ని తయారు చేయండి

దూలానికి రెండు పక్క గోడలు మాత్రమే కలపవి. 6 మి.మీ. మందమున్న ప్లైవుడ్‌ను 52 సెం.మీ. పొడవు, 4.6 సెం.మీ. ఎత్తు గల రెండు పలకలుగా కోయండి. పై కప్పుగా కలపను పెట్టకండి. 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం పట్టీయే పైకప్పు అవుతుంది. ఎల్‌ఈడీ వెలుగు చల్లగా ఉంటుందన్న మాట సగమే నిజం. ముందువైపు వెలుగులో వేడి ఉండదు, కానీ వెనుక భాగంలో వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోకపోతే ఎల్‌ఈడీ ఆయుష్షు తగ్గిపోతుంది. పట్టీని అల్యూమినియం కింది ముఖానికి అంటించి, పై ముఖాన్ని గాలికి వదిలేస్తే, అదే కప్పు, అదే వేడిని చల్లార్చే సాధనం. వేరే భాగం కొనవలసిన పని ఉండదు.

రెండు పలకల లోపలి ముఖాల మీద 2 మి.మీ. లోతున రెండేసి గాళ్లు తీయండి. ఒకటి పై అంచును ఆనుకుని అల్యూమినియం కోసం, రెండవది దానికి 2 సెం.మీ. కింద తెర కోసం. తెరకు 3 మి.మీ. పాలరంగు యాక్రిలిక్ వాడండి. దానిని గాడిలో జారేలా ఉంచాలి గాని జిగురుతో బిగించకూడదు, ఎందుకంటే యాక్రిలిక్ వేడికి బాగా సాగుతుంది. 45 సెం.మీ. ముక్క 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు ఒక మి.మీ. పొడవవుతుంది. బిగించిన తెర ఆ ఒక మి.మీ.కు చోటు లేక మధ్యలో వంగిపోతుంది. కొస దగ్గర 2 మి.మీ. ఖాళీ వదలండి.

తెర పైభాగంలోని గోడలకు మెరుపు లేని తెల్లరంగు వేయండి, తెర కిందిభాగాన్ని కలప రంగులోనే వదిలేయండి. కిందిభాగానికి కూడా తెలుపు వేస్తే ఆ గోడలే వెలగడం మొదలుపెట్టి, ఇంత శ్రమపడి దాచిన మెరుపు మళ్లీ కంటి ముందుకు వస్తుంది.

కొందరికి యాక్రిలిక్ వెలుగు మరీ నిర్జీవంగా అనిపిస్తుంది. వారు దాని మీద పలుచని చేతికాగితాన్ని పరచవచ్చు. కాగితం నారలు వెలుగును ఎంత అందంగా చెదరగొడతాయో శిల్పి ఇసాము నొగుచి 1951లో జపాన్‌లోని గిఫు పట్టణంలో అక్కడి లాంతరు పనివారితో కలిసి మొదలుపెట్టిన అకారి దీపాలు చూపించాయి. మల్బరీ బెరడు కాగితాన్ని వెదురు పుల్లల మీద అతికించి చేసే ఆ దీపాలు పల్చగా మడుచుకుపోతాయి కూడా. కలప వెనీర్‌ను, అంటే పలుచని కలప పొరను, తెరగా వాడాలన్న ఆశ కూడా చాలామందికి ఉంటుంది. అలంకారానికి అది చక్కనిది, చదువుకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే కలప గుండా వచ్చే వెలుగు నారింజ రంగులోకి తిరిగి కాగితం తెల్లదనాన్ని మార్చేస్తుంది.

చివరగా దూలం వెనుక కొసలో, పలకల మధ్య 7 సెం.మీ. పొడవైన గట్టి కలప దిమ్మను జిగురు పెట్టి బిగించండి. కాడ దీనిలోకే వస్తుంది. దిమ్మ వెనుక అంచు నుంచి 3 సెం.మీ. దూరంలో నిలువుగా 10 మి.మీ. రంధ్రం వేయండి. పూర్తయిన దూలం బరువు 330 గ్రాముల దగ్గర ఉంటుంది.

7. పీట బరువును లెక్కతో తేల్చండి

ఇక్కడ ఊహ మీద ఆధారపడితే మోసపోతారు. దూలం బరువును మోయడానికి పెద్ద పీట అక్కరలేదు. పొరపాటున దూలం కొసకు చేయి తగిలినప్పుడు దీపం పడిపోకుండా ఉండటానికే పీటకు బరువు కావాలి.

16 సెం.మీ. వ్యాసం, 1.5 కిలోల బరువున్న గుండ్రని పీట తీసుకుని, కాడను సరిగ్గా మధ్యలో నిలబెట్టామనుకోండి. దీపం పడిపోతే పీట ముందు అంచు మీద నుంచి తిరగబడాలి. పీట బరువు ఆ అంచుకు 8 సెం.మీ. వెనుక ఉంది, అంటే బరువును దూరంతో గుణిస్తే దాని పట్టు 12 కిలో-సెం.మీ. దూలం బరువు కేంద్రం కాడకు 22 సెం.మీ. ముందుంటుంది, అంటే అంచుకు 14 సెం.మీ. బయట. దాని లాగుడు 4.6 కిలో-సెం.మీ. మిగిలిన పట్టు 7.4. దూలం కొస అంచుకు 41 సెం.మీ. దూరంలో ఉంది కాబట్టి, అక్కడ 180 గ్రాముల ఒత్తిడి పడితే చాలు, దీపం పడిపోతుంది. ఒక మామూలు నోటుపుస్తకం బరువు అంతే ఉంటుంది.

ఇప్పుడు బరువు పెంచకుండా కాడను మాత్రమే వెనక్కి జరిపి, వెనుక అంచుకు 2 సెం.మీ. లోపల పెట్టండి. ముందు అంచు కాడకు 14 సెం.మీ. దూరం అవుతుంది. దూలం లాగుడు 2.6కు పడిపోతుంది, కొస వరకు దూరం 35 సెం.మీ. అవుతుంది, పడగొట్టడానికి 270 గ్రాములు కావాలి. అదే పీటను 3 కిలోలు చేస్తే 610 గ్రాములు కావాలి. నేను ఈ మూడవ అమరికనే సిఫారసు చేస్తాను. కాడ అంచున ఉండటం వల్ల దూలాన్ని చుట్టూ తిప్పే వీలు పోతుంది, కానీ మూలన పెట్టే దీపానికి ఆ అవసరం ఉండదు.

ఇటలీ రూపకర్తలు అఖీల్లే, పియెర్ జాకొమో కాస్టిల్యోని సోదరులు 1962లో రూపొందించిన ఆర్కో దీపంలోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. గోడకు దూరంగా, బల్ల నడిమికి వెలుగును అందించడానికి వారు ఒక ఉక్కు విల్లును చాచారు, దానిని నిలబెట్టడానికి దాదాపు 65 కిలోల కరారా పాలరాయిని పెట్టారు. ఆ రాతిలో ఒక గుండ్రని రంధ్రం ఉంటుంది. అది అలంకారం కాదు, చీపురుకర్ర దూర్చి ఇద్దరు మనుషులు ఎత్తుకుపోవడానికి చేసిన ఏర్పాటు.

3 కిలోల పీటను ఉక్కుతో చేస్తే 16 సెం.మీ. వ్యాసానికి దాదాపు 2 సెం.మీ. మందం చాలు. సిమెంటు-ఇసుకతో పోత పోస్తే అదే బరువుకు దాదాపు 7 సెం.మీ. మందం కావాలి, దీపం పొట్టిగా, బరువుగా కనిపిస్తుంది. ఇంట్లోనే చేయాలనుకుంటే పోతే సులువు. అచ్చులో ముందే ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని నిలబెడితే గట్టిపడిన తర్వాత రంధ్రం వేసే పని తప్పుతుంది. తీగ బయటికి పోవడానికి పీట అడుగున ఒక గాడి, నట్టు దాగడానికి ఒక గుంట ఉండాలి. ఏ పదార్థంతో చేసినా అడుగున ఫెల్టు అంటించండి.

8. కాడను నిలబెట్టి అన్నిటినీ ఒకే కడ్డీతో బిగించండి

16 మి.మీ. వ్యాసమున్న ఉక్కు గొట్టాన్ని తీసుకుని, బల్ల నుంచి దూలం కింది అంచు వరకు ఉండవలసిన 40 సెం.మీ.లో పీట మందాన్ని తీసివేసి కోయండి. ఉక్కు పీటకైతే అది 38 సెం.మీ. గొట్టం లోపల నుంచి 10 మి.మీ. బోలు మరకడ్డీ (పొడవునా మరలు తిరిగిన కడ్డీ) పోవాలి. దీపాల విడిభాగాలు అమ్మేచోట ఇది దొరుకుతుంది. కడ్డీ కింద పీట గుంటలో నట్టుతోను, పైన దిమ్మ మీద టోపీ నట్టుతోను బిగుస్తుంది. రెండు నట్లు తిప్పితే పీట, కాడ, దూలం ఒకదాన్నొకటి నొక్కుకుని ఒకే ముక్కలా నిలబడతాయి. తీగ కడ్డీ బోలులో నుంచి పోతుంది కాబట్టి, పై కొసను టోపీ నట్టు మూసేయకుండా దిమ్మలో తీగ బయటికి వచ్చే పక్క గాడిని, కడ్డీకి అదే ఎత్తులో ఒక చీలికను ముందే తీయండి.

గొట్టం రెండు కొసలూ మూలమట్టానికి సరిగ్గా ఉండాలని ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. అక్కడ ఒక్క డిగ్రీ తేడా వస్తే దూలం కొస దాదాపు 9 మి.మీ. వాలిపోతుంది. నేను చేసిన మొదటి దీపం అలాగే కునుకుతున్న మనిషి తలలా వాలింది. మూలమట్టం పెట్టి చూస్తే తప్ప తప్పు తెలియదనుకున్నాను గాని, గదిలోకి వచ్చిన ప్రతివారూ ముందు దాన్నే చూశారు. గొట్టానికీ దిమ్మకూ మధ్య 4 సెం.మీ. వ్యాసమున్న వాషర్ పెడితే ఆనిక పెరిగి ఊగడం తగ్గుతుంది.

దూలం కిందికీ పైకీ కదిలితే బాగుండునని మీకు అనిపించవచ్చు. నా సలహా, మొదటి దీపంలో ఆ ప్రయత్నం చేయవద్దు. కదిలే చేతికి ప్రతి స్థానంలోనూ బరువు తూకం కుదరాలి. ఆ సమస్యను వాహనాల స్ప్రింగుల మీద పనిచేసిన ఇంజనీరు జార్జ్ కార్వర్డైన్ 1930ల తొలినాళ్లలో స్ప్రింగులతో పరిష్కరించాడు, దానినుంచే యాంగిల్‌పాయిజ్ దీపం వచ్చింది. రూపకర్త రిచర్డ్ సాపర్ 1972లో తిజియో దీపానికి స్ప్రింగులకు బదులు ఎదురు బరువులు పెట్టాడు. తక్కువ వోల్టేజీ కాబట్టి విద్యుత్తును నేరుగా ఆ లోహపు చేతుల గుండానే పంపి, కీళ్ల దగ్గర తీగలే లేకుండా చేశాడు. ఈ రెండింటిలో ఏదీ చేతిపనిగా తేలికగా కుదిరేది కాదు. బిగువు వదులైన కీలు కంటే కదలని దూలమే మేలు.

9. తీగలు కలపండి

గోడ నుంచి వచ్చే విద్యుత్తు భాగాన్ని మీరు తెరవకూడదు, చేయకూడదు. పెట్టె మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉన్న, అంటే రెండు పొరల రక్షణ గల, 12 వోల్టుల అడాప్టరును కొనండి. మన పట్టీకి కావలసింది 0.45 ఆంపియర్లు. ఒక ఆంపియరు అడాప్టరు తీసుకుంటే అది సగం శక్తితో, చల్లగా పనిచేస్తుంది.

పట్టీ మీద ప్లస్, మైనస్ గుర్తులను చూసి తీగలకు టంకం పెట్టండి. టంకం పెట్టిన చోట కుంచించుకునే గొట్టాన్ని తొడిగి వేడిచేయండి. పీట అడుగున తీగ బయటికి వచ్చేముందు ఒక ముడి వేయండి, ఎవరైనా తీగను లాగితే ఆ లాగుడు ముడి దగ్గర ఆగాలి గాని టంకం దాకా పోకూడదు. ఉక్కు అంచుల గుండా తీగ పోయే ప్రతిచోటా రబ్బరు కట్టు పెట్టండి.

స్విచ్చిని దిమ్మ పై ముఖం మీద, టోపీ నట్టు పక్కన అమర్చండి. అక్కడ నొక్కితే ఆ ఒత్తిడి కాడ గుండా నేరుగా పీటలోకి దిగుతుంది, దీపం కదలదు. తీగ మధ్యలో పెట్టే స్విచ్చి బల్ల వెనక్కి పడిపోతుంది, దానిని చీకట్లో వెతుక్కోవడం ప్రతి రాత్రీ ఒక పని.

వెలుగు తగ్గించే డిమ్మరు పెట్టుకుంటే ఒక పరీక్ష తప్పదు. చాలా డిమ్మర్లు వోల్టేజీని తగ్గించవు, సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. వెలుగును సగానికి తగ్గించి, దాని కింద ఒక పెన్సిలును వేగంగా ఊపండి. పెన్సిలు మసకగా సాగినట్టు కనబడితే మంచిది. ఒకదాని పక్కన ఒకటిగా అనేక పెన్సిళ్లు విడివిడిగా కనిపిస్తే ఆ డిమ్మరును తీసేయండి, అటువంటి వెలుగు కింద గంటసేపు చదివితే తలనొప్పి రావచ్చు.

10. పరీక్షించండి, విప్పి చూడండి

మొదటి పరీక్ష వాలుది. బల్లమీద పెట్టుకునే దీపాలు 6 డిగ్రీల వాలులో కూడా పడిపోకూడదని దీపాల భద్రతా ప్రమాణాలు చెబుతాయి. 60 సెం.మీ. పలక ఒక కొసను 6 సెం.మీ. పైగా ఎత్తితే దాదాపు అంత వాలు వస్తుంది. దీపాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి నిలబెట్టి చూడండి. రెండవది వేడి పరీక్ష. రెండు గంటలు వెలిగించి, అల్యూమినియం కప్పు మీద చేయి పెట్టండి. పది సెకన్లు ఉంచలేనంత వేడిగా ఉంటే మీటరుకు తక్కువ వాట్లున్న పట్టీ వేయాలి.

మూడవది విప్పడం. రెండు నట్లు తీస్తే దీపం నాలుగు భాగాలుగా విడిపోవాలి, తెర జారి బయటికి రావాలి, ఎల్‌ఈడీ పట్టీని ఊడదీసి కొత్తది అంటించగలగాలి. కుర్చీల తయారీదారు మైఖేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీలో ఆరు కలప ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు మాత్రమే ఉండేవి. విప్పిన కుర్చీలు ముప్పై ఆరు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి, ఆ కుర్చీ దేశదేశాలకు చేరడానికి అదే దారి చూపింది. మీరు దీపాన్ని ఎక్కడికీ ఎగుమతి చేయబోవడం లేదు, కానీ పట్టీ ఏదో ఒకనాడు ఆరిపోతుంది. ఆనాడు జిగురుతో మూసిన దూలాన్ని పగలగొట్టవలసి వస్తే మొత్తం పని వృథా.

కలపకు నూనె పట్టించడం, ఉక్కుకు రంగు వేయడం ఈ పరీక్షలన్నీ అయిన తర్వాతే. ఒక వారం దీపాన్ని రంగు లేకుండానే వాడండి. ఎత్తు అర సెం.మీ. ఎక్కువైందనిపిస్తే గొట్టాన్ని అంతమేరకు కోసి మళ్లీ బిగించండి. తక్కువైందనిపిస్తే దిమ్మ కింద మరో వాషర్ చేర్చండి, మరకడ్డీని మొదటే 2 సెం.మీ. పొడవుగా ఉంచుకుంటే అందుకు వీలుంటుంది.